లీవర్‌కు వేసిన వేషాలు

పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు కోసే చేతి మిషన్‌ని కాసేపు గమనిస్తే లీవర్ చేసే పని కళ్లకు కడుతుంది. పిక్క వంపుకి సరిపోయేలా మలిచిన రెండు కత్తులుంటాయి. కాలితో పెడల్ తొక్కితే అవి దగ్గరికొచ్చి పెంకులోకి దిగుతాయి. చేతి లీవర్ కదిపితే పెంకు విచ్చుకుంటుంది. కత్తుల మధ్య ఎడం కాస్త తగ్గిందా, లోపలి పప్పు తెగి గుండు కాస్తా బద్దవుతుంది, ధర పడిపోతుంది. అందుకే ఆ మిషన్‌లో ఏ మార్పు చేసినా కోసే మనిషి చేతికి నప్పుతుందా, పప్పు నిలుస్తుందా అన్నదే చూస్తారు.

కౌబాయ్ సినిమాల్లో కనిపించే లీవర్ రైఫిల్ కూడా ఇలా చేతి అవసరంలోంచి పుట్టిందే. అంతకుముందు చాలా తుపాకులు కాల్చాలంటే గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒక్క దెబ్బకి అంత తతంగం! మందూ గుండూ ఒకే లోహపు తూటాలో ఇమిడిపోయాక దారి తెరుచుకుంది. 1860లో అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ తన రైఫిల్‌కి పేటెంటు తీసుకున్నాడు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప కమ్మీనే లీవర్‌గా చేశాడు. దాన్ని కిందికి తోస్తే ఖాళీ తొడుగు బయటికి ఎగురుతుంది, సుత్తి వెనక్కి వాలుతుంది, కొత్త తూటా పైకి లేస్తుంది. తిరిగి పైకి లాగితే తూటా గొట్టం వెనక గదిలోకి వెళ్లి బిగుసుకుంటుంది. రెండే కదలికలు. గొట్టం కింద ఉన్న నాళంలో ఒకేసారి పదిహేను తూటాల దాకా పట్టేవి.

అయితే ఆ రైఫిల్‌కి గొట్టం కింద చెక్క లేదు. వరసగా కాలిస్తే ఇనుము వేడెక్కి, పట్టుకున్న చెయ్యి కాలేది. 1866లో వచ్చిన వించెస్టర్ రైఫిల్‌కి ముందు చెక్క అమర్చారు, పక్కనుంచే తూటాలు నింపుకునే చిన్న తలుపు పెట్టారు. చేతి బాధ తీర్చిన మార్పంటే అది. అదే కంపెనీ అడిగినవారికి నగిషీలు చెక్కి, మేలైన వాల్‌నట్ చెక్క తొడిగి కూడా ఇచ్చేది. ఆ సింగారం యంత్రం జోలికి పోలేదు కాబట్టి నగిషీ తుపాకీ, మామూలు తుపాకీ ఒకేలా పనిచేసేవి.

తేడా వచ్చింది వెండితెర మీద. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ సినిమాలో జాన్ వేన్ రైఫిల్‌ని ఒంటిచేత్తో గిర్రున తిప్పి తూటా ఎక్కిస్తాడు. లీవర్‌ని చేత్తో పట్టుకుని తుపాకీని విదిలిస్తే, దాని బరువే లీవర్‌ని తెరుస్తుంది. వేళ్లు ఇరుక్కోకుండా లీవర్ ఉంగరాన్ని వెడల్పు చేశారు, చంకకి తగలకుండా గొట్టాన్ని పొట్టి చేశారు. పైగా కథ జరిగేది 1880లో. తెర మీద తిరిగింది 1892 మోడల్!

చూడ్డానికి అద్భుతమే. నిజం తూటాలతో అయితే పెద్ద ప్రమాదం. తుపాకీ మూతి గుండ్రంగా తిరుగుతూ పక్కవాళ్ల మీదికీ, తిప్పేవాడి మీదికీ పోతుంది. గురి చెదిరిపోతుంది. పెద్ద ఉంగరంలో చెయ్యి వదులైపోయి, ప్రతిసారీ వేళ్ల కణుపులు ఇనుముకి కొట్టుకుంటాయి. మంచుదేశాల్లో మందపాటి చేతితొడుగులు వేసుకునేవారికి ఆ వెడల్పు పనికొస్తుంది. పలాస ఉన్న ఉద్దానం ఉక్కపోతలో ఆ అవసరం ఎవరికి?

1958లో మొదలైన రెండు టీవీ ధారావాహికలు ఇంకాస్త ముందుకెళ్లాయి. ‘ది రైఫిల్‌మన్’లో ట్రిగ్గర్ కమ్మీకి ఒక మర బిగించారు. లీవర్ మూయగానే అదే ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది. ఎప్పుడు పేల్చాలో నిర్ణయించాల్సిన వేలికి పనే లేకుండా పోయింది. ‘వాంటెడ్: డెడ్ ఆర్ ఎలైవ్’లో స్టీవ్ మెక్వీన్ నడుముకి వేలాడేది ముందూ వెనకా కోసేసిన రైఫిల్. భుజానికి ఆనించే కట్టె లేదు. బెల్టులో మెరిసే పెద్ద తూటాలు ఆ తుపాకీలో పట్టనే పట్టవు! కంటికి నిండుగా కనబడాలని పెట్టినవి.

ఇప్పుడు లీవర్ రైఫిళ్ల ముందు చెక్క తీసేసి, పరికరాలు తగిలించే నల్లటి అల్యూమినియం పట్టాలు బిగించడం ఫ్యాషన్. చూపు తగ్గినవారు దూరదర్శిని అమర్చుకోవడానికి ఒక పట్టా ఉంటే మేలే. ఏమీ తగిలించని పట్టాలు నాలుగు వైపులా ఉంటే ముందుభాగం బరువెక్కడం తప్ప ఒరిగేది లేదు.

మన దేశంలో ఇది అభిరుచి సంగతి మాత్రమే కాదు. లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టం పొట్టి చేయడాన్నీ, నకిలీ తుపాకీని నిజం తుపాకీగా మార్చడాన్నీ 1959 ఆయుధాల చట్టంలోని ఆరో సెక్షన్ నిషేధించింది. ఆ నిషేధం న్యాయమైనదే.

టెక్కలిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలకి ఈ రైఫిల్ చరిత్ర ఒక మంచి పాఠం. అందం వద్దని ఎవరూ అనరు. నగిషీ చెక్కండి, రంగు వేయండి. కానీ యంత్రంలో కదిలే భాగం మీద చెయ్యి వేసే ముందు, ఈ మార్పు వాడేవాడి చేతికా, చూసేవాడి కంటికా అని అడగండి. జవాబు కంటికే అయితే, ఆ భాగాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి.