షార్ట్‌వేవ్ ముల్లు నేర్పిన తెలుగు

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. మ్యాపులో చూడండి, మా తాలూకా ఆంధ్రలోకి దూరిపోయినట్టు ఉంటుంది. చాలా వైపులా ఒకప్పటి అనంతపురం జిల్లా ఊళ్లే తగుల్తాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, 1956లో భాషల లెక్కన రాష్ట్రాలను మళ్లీ గీసినా, మేము మైసూరు వైపే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కన్నడ మాకు చదువు చెప్పింది, అన్నం పెట్టింది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీద ఎట్లా ఉంటుందో తెలీకుండానే పెరిగాను. ఆ లోటు తీర్చింది మా ఇంట్లోని రేడియో.

శెనక్కాయ బాగా పండిన ఒక ఏడు మా నాయన ట్రాన్సిస్టర్ కొన్నాడు. అప్పట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాల. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకోవాల. పగలు మీడియం వేవ్‌లో దగ్గర స్టేషన్లు వచ్చేవి. మీట షార్ట్‌వేవ్‌కు మార్చి ముల్లు మెల్లగా తిప్పితే, గరగర మధ్యలోంచి సిలోన్ వచ్చేది.

సిలోన్ అంత గట్టిగా మన ఊళ్లకు ఎందుకు వచ్చేదో తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లీషు వాళ్లు సైనికుల కోసం అక్కడ రేడియో పెట్టారు. దాని పెద్ద ట్రాన్స్‌మిటర్ యుద్ధం అయ్యాక రేడియో సిలోన్‌కు మిగిలింది. 1952లో ఇక్కడ సమాచార ప్రసార మంత్రి అయిన కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో అవి తగ్గిపోయేసరికి జనం సిలోన్ వైపు తిరిగారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైనా సిలోన్ అలవాటు పోలేదు. అక్కడి నుంచి తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు మా తరం వాళ్ల చెవుల్లో ఇంకా ఉంది.

వినడంతో ఆగలేదు. మా ఊరి పేరు రేడియోలో చదవాలంటే ఉత్తరం రాయాల. తెలుగు పాట అడిగేది కన్నడ అక్షరాల్లో ఎట్లా? పక్క ఆంధ్ర ఊర్లో చదివే మా మేనమామ కొడుకు వాచకం తెచ్చుకుని కూర్చున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి తొందరగానే చేయి తిరిగింది. నా మొదటి తెలుగు రాత పోస్టు కార్డు మీదే.

ఇట్లా రాసిన వాళ్లలో నేనొక్కణ్నే కాదు. అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అనే ఊరుంది. అభ్రకం గనుల ఊరు. పాటలు అడుగుతూ అక్కడి వాళ్లు రాసిన ఉత్తరాలతోనే ఆ పేరు దేశమంతా తెలిసింది. ఊరికి పేరు రావడానికి కోటలూ కోర్టులూ ఉండక్కర్లేదని దాంతో అర్థమైంది.

తర్వాత బతుకు దెరువుకు బెంగళూరు మిల్లుకు వచ్చాను. సెకండ్ షిఫ్ట్ దిగి వఠారానికి చేరాక, అందరూ పడుకున్నాక, రేడియో చెవి దగ్గర పెట్టుకునేవాణ్ని. మాస్కో, లండన్, పీకింగ్ వినిపించేవి. మాస్కో నుంచి తెలుగులో కూడా వచ్చేది. ఒకే వార్త మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుందని తెలిసింది అప్పుడే. ఏ వార్త విన్నా "ఇది ఎవరు చెప్తున్నారు?" అని అడగడం అట్లా అలవాటైంది.

అంత దూరం ఎట్లా వస్తుందని పిల్లలు అడుగుతారు. మన నెత్తి మీద చాలా ఎత్తులో అయనావరణం అని ఒక పొర ఉంది. షార్ట్‌వేవ్ అలలు దానికి తగిలి మళ్లీ నేలకు వంగుతాయి, నేల నుంచి మళ్లీ పైకి పోతాయి. బంతి ఎగిరినట్టు అట్లా వేల కిలోమీటర్లు పోతాయి. పగలు 25, 19 మీటర్ల బ్యాండ్లు బాగుంటాయి, రాత్రి 49, 41. లెక్క సులువు: 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 12 మెగాహెర్ట్జ్ అంటే 25 మీటర్లు.

మీరూ మొదలుపెట్టొచ్చు. షార్ట్‌వేవ్ ఉన్న చిన్న రేడియో, ఏడెనిమిది మీటర్ల రాగి తీగ చాలు. తీగను మిద్దె మీద కట్టి, ఒక కొసను రేడియో ఏరియల్‌కు తగిలించండి. కరెంటు తీగల దగ్గరకు మాత్రం పోనీయొద్దు. ఉరుములొస్తుంటే ముందే తీసేయండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు గరగర పెంచుతాయి, వాటిని ఆపండి. పావగడలో కరెంటు పోయిన రాత్రే నాకు స్టేషన్లు ఎక్కువ దొరికేవి.

విన్నది నోటుపుస్తకంలో రాయండి: తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఏ భాష, ఏం చెప్పారు. స్టేషన్‌కు రాసేటప్పుడు మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాల. రాత్రి 8 గంటలంటే ప్రపంచ లెక్కలో 14:30. ఎంత బాగా వినిపించిందో 1 నుంచి 5 దాకా మార్కులు వేయాల. రిపోర్టు సరిగ్గా ఉంటే చాలా స్టేషన్లు క్యూఎస్‌ఎల్ అనే కార్డు పంపుతాయి. వాటిని దాచుకునే వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

స్టేషన్లు తగ్గిపోతున్న మాట నిజం. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆపేసింది. షార్ట్‌వేవ్‌లో తెలుగు ఇప్పుడు చాలా తక్కువ. "తాతా, ఫోన్లో అన్నీ వస్తాయి గదా, ఈ గరగర ఎందుకు?" అంటాడు మా మనవడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ రేడియో వాళ్లు ఈ షార్ట్‌వేవ్ మీదే అయినవాళ్ల క్షేమ సమాచారాలు పంపారని వాడికి చెప్పాను. టవర్ పడిపోయినా ఇది పనిచేస్తుంది.

అంతకంటే నాకు ముఖ్యమైంది ఆ నోటుపుస్తకం. మన పిల్లలు కన్నడలో, మరాఠీలో, గుజరాతీలో, ఇంగ్లీషులో చదువుతున్నారు. చదవనీయండి, వాళ్లకు బతుకునిచ్చే భాషలు అవి. కానీ తెలుగు రాయమంటే ఊరికే రాయరు, ఏదో ఒక పని ఉండాల. మా మనవడికి ఆ పని రేడియో పుస్తకం. మొన్న రాత్రి చైనా స్టేషన్ పట్టుకుని "గొంతు బాగుంది, గరగర ఎక్కువ" అని రాశాడు. గరగరలో ఒక ర వదిలేశాడు. నేను దిద్దలేదు, రేపు ఇంకో స్టేషన్ వెతుకుతాడు గదా.