మొదటి నమూనా విరిగితే సొమ్ము పోయినట్టేనా?

కిందటి రంజాన్‌లో ఒక దాత నన్నడిగారు: "మాస్టారూ, మా సొమ్ముతో పిల్లలు చేసిన యంత్రం పనిచేయలేదట, నిజమేనా?" నిజమే. ఆరోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మన శిక్షణ గదిలో బల్లమీద పట్టే చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం ఉంది. కంప్యూటర్ ఆదేశం ప్రకారం అల్యూమినియం దిమ్మను చెక్కుతుంది. కానీ చదును చేయడానికి ఒక పనిముట్టు, రంధ్రానికి ఒకటి, మరలు కోయడానికి మరొకటి కావాలి. ప్రతిసారీ యంత్రం ఆపి, విప్పి, కొత్తది బిగించి, దాని పొడవు కొలవాలి. పెద్ద కర్మాగారాల్లో యంత్రమే పనిముట్టు మార్చుకుంటుంది. అలాంటిది తామే చేయాలని పిల్లలు పూనుకున్నారు.

ఇందులో ముఖ్యమైనవి రెండు. మొదటిది పట్టు. తిరిగే స్పిండిల్ లోపల డ్రాబార్ అనే కడ్డీ పనిముట్టును పైకి లాగి పట్టుకుంటుంది. ఆ బలం గిన్నె ఆకారపు స్ప్రింగ్ వాషర్లది. వదలాలంటే గాలి సిలిండర్ వాటిని నొక్కాలి. బిగించే పని స్ప్రింగుది, వదిలే పని గాలిది కాబట్టి కరెంటు పోయినా, గాలి గొట్టం ఊడినా పనిముట్టు జారిపడదు. రెండోది చక్రం. దాని అంచున చీలికల్లో పనిముట్లు వేలాడతాయి. మోటారు తిప్పి కావలసినదాన్ని ముందుకు తెస్తుంది.

మొదటి చక్రాన్ని ప్లైవుడ్‌తో చేశాం. "గాలి వదిలాక రెండు సెకన్లు ఆగి తల పైకి లేపు" అని ప్రోగ్రాం రాశాం. ఒకరోజు కంప్రెసర్‌లో గాలి తగ్గింది. స్పిండిల్ పట్టు వదల్లేదు, తల మాత్రం లేచింది. చెక్క చీలిక ఫట్‌మని విరిగింది. అది ఇనుమైతే స్పిండిలే దెబ్బతినేది. సమయాన్ని నమ్మకూడదనీ, పట్టు వదిలినట్టు సెన్సర్ చెప్పాకే కదలాలనీ పిల్లలకు ఆరోజు తెలిసింది.

రెండో తప్పు నాది. 100 మిల్లీమీటర్ల సిలిండర్‌లో 6 బార్ గాలి సుమారు 480 కిలోల బరువంత నొక్కుతుంది. సిలిండర్‌ను తలకు గట్టిగా బిగించడంతో ఆ భారమంతా స్పిండిల్ బేరింగుల మీద పడింది. అవి పాడై మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు సిలిండర్‌ను కొంచెం కదిలేలా వేలాడదీశాం. అది కిందికి నొక్కేటప్పుడు దాని కొక్కేలు స్పిండిల్ కాలర్‌ను కిందినుంచి పట్టుకుంటాయి. బేరింగులపై భారం పడదు.

నమూనాతో పరీక్షించడం మనకు కొత్త కాదు. 1206లో పూర్తిచేసిన గ్రంథంలో 50 యంత్ర పరికరాలను వివరించిన అల్ జజరీ, ముందుగా కాగితపు నమూనాలు, చెక్క అచ్చులు వాడేవారు. లోహం ఖరీదైనది. తప్పు చెక్కలోనే బయటపడితే నష్టం తక్కువ.

జకాత్ సొమ్ము దీనికి వాడలేదు. సదఖా నుంచే ఖర్చుచేశాం, విరిగిన చెక్కతో సహా లెక్క రాసి ఉంది. రెండో చక్రం నాలుగు పనిముట్లను మార్చుతోంది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది కూడా. సెన్సర్ ఒప్పుకోలేదన్నమాట. ఎందుకు ఆగిందో పిల్లలే వెతుక్కుంటున్నారు. ఒకసారి వచ్చి వారినే అడగండి.