ముందు ఇరుసు మార్చాలా, బండినే మార్చాలా? ఆఫ్‌రోడ్ పికప్ కొనేవాళ్లు వేసుకోవాల్సిన లెక్కలు

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ పికప్‌ను సర్వీసింగ్‌లో లిఫ్ట్ మీదికి ఎత్తినప్పుడు ఒకసారి కిందికి వెళ్లి చూడండి. వెనక రెండు చక్రాలను కలుపుతూ, లారీకి ఉన్నట్టే, ఒక లావుపాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాని మధ్యలో గుమ్మడికాయలాంటి ఉబ్బు, పైన కమాన్ కట్టలు. నాలుగడుగులు ముందుకు వేస్తే దృశ్యం మారిపోతుంది. అక్కడ గొట్టం లేదు. గేర్ల పెట్టె ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని నుంచి రెండు సన్నటి షాఫ్టులు, రబ్బరు తొడుగులు వేసుకుని, చెరో చక్రానికి వెళ్తాయి. టొయోటా హైలక్స్ కింద చూసినా ఇదే అమరిక.

వెనక ఉన్నట్టే ముందు కూడా ఒకే గొట్టం ఉంటే దాన్ని సాలిడ్ ఫ్రంట్ యాక్సిల్ అంటారు. 'అది వేయించుకుంటే బండికి ఇక తిరుగుండదు' అనే మాట ఆఫ్‌రోడ్ సర్కిళ్లలో తరచూ వినిపిస్తుంది. అమెరికాలో ఈ మార్పిడి దశాబ్దాలుగా నడుస్తున్న వ్యాపారం. ఆ వీడియోలు చూసి మన దగ్గరా మెకానిక్‌లను అడుగుతున్నవాళ్లున్నారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్టీరింగ్ జోలికి వెళ్లే పని కాబట్టి ప్రాణాలతో కూడా ముడిపడి ఉంటుంది. భారత్‌లో అయితే చట్టం కూడా అడ్డొస్తుంది. అందుకే ఇందులో నిజంగా ఎంత లాభముందో, ఎంచుకోవాల్సి వస్తే ఏం చూడాలో తెలుసుకోవడం మంచిది.

ఎద్దుబండికి ఉన్నదే

సూత్రం కొత్తదేమీ కాదు. ఎద్దుబండి చక్రం ఒకటి రాయెక్కితే బండి మొత్తం రెండో వైపు ఒరుగుతుంది, ఎందుకంటే రెండు చక్రాలనూ పట్టుకున్నది ఒకే ఇరుసు. పికప్‌లో ఆ ఇరుసు బోలుగా ఉంటుంది, చక్రాలను తిప్పే షాఫ్టులు దాని లోపల తిరుగుతాయి. మెకానిక్‌లు ఈ గొట్టాన్నే హౌసింగ్ అంటారు. మధ్య ఉబ్బులో ఉండేవి క్రౌన్, పినియన్ గేర్లు.

తారు రోడ్డు మీద ఈ అమరిక సుఖంగా ఉండదు. ఒక చక్రం గుంటలో పడితే ఆ కుదుపు రెండో చక్రానికీ చేరుతుంది. హౌసింగ్, గేర్లు, బ్రేకులు అన్నీ చక్రాలతో పాటే ఎగిరిపడతాయి. అంత బరువును స్ప్రింగులు అదుపు చేయడం కష్టం. దేని చక్రం దానిదిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఈ ఇబ్బందులు బాగా తగ్గుతాయి.

రాళ్ల దారిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. రాయి ఒక చక్రాన్ని పైకి నెడితే, హౌసింగ్ తక్కెడలా పనిచేసి రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది. పట్టు దొరుకుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో బండి ముక్కు కిందికి కుంగినప్పుడు ఛాసిస్‌కు బిగించిన గేర్ల పెట్టె కూడా రాళ్ల మీదికి దిగుతుంది. సాలిడ్ యాక్సిల్‌లో హౌసింగ్ అడుగుకూ నేలకూ మధ్య దూరం టైరును బట్టే ఉంటుంది కాబట్టి, స్ప్రింగులు ఎంత కుంగినా అది మారదు.

దీనికి రెండో వైపు చాలామంది చూడరు. స్ప్రింగులు కుంగితే ఆ దూరం తగ్గనట్టే, ఎత్తయిన స్ప్రింగులు వేసినా పెరగదు. లిఫ్ట్ కిట్‌కు డబ్బు పోసి బాడీని ఆరంగుళాలు లేపినా, హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది. అది లేవాలంటే పెద్ద టైరు ఒక్కటే దారి.

మూడో లాభం మన్నిక. ఇండిపెండెంట్ అమరికలో షాఫ్టు జాయింటు స్టీరింగ్ తిప్పినప్పుడూ వంగాలి, చక్రం పైకీ కిందికీ వెళ్లినప్పుడూ వంగాలి. సాలిడ్ యాక్సిల్‌లో స్టీరింగ్‌కు మాత్రమే వంగితే చాలు. అలాగని ఇది అన్నిచోట్లా గొప్పదనుకోకూడదు. ఇసుకలో, మట్టిదారిలో వేగంగా వెళ్లాల్సి వస్తే ఇండిపెండెంట్ సస్పెన్షనే మేలు. ఎడారి రేసుల కార్లు దాన్ని వాడేది అందుకే.

ఎందుకు కనుమరుగైంది?

హైలక్స్‌లో తొలి ఫోర్ బై ఫోర్ 1979లో వచ్చినప్పుడు ముందు సాలిడ్ యాక్సిలే ఉండేది. అమెరికా మార్కెట్లో 1986 మోడల్‌తో అది పోయింది. అప్పటికి పికప్‌ను పొలానికే కాక ఆఫీసుకూ తీసుకెళ్లడం మొదలైంది, సుఖమైన ప్రయాణం అమ్మకాలు పెంచింది. అక్కడ 1985 వరకు వచ్చిన హైలక్స్‌లకు ఆఫ్‌రోడ్ ప్రియుల్లో ఇప్పటికీ గిరాకీ ఉందంటే కారణం ఆ ఇరుసే. తర్వాత ల్యాండ్ క్రూయిజర్ 100 సిరీస్, 2010లో నిస్సాన్ పెట్రోల్, 2018లో మెర్సిడెస్ జీ-క్లాస్, కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ వరుసగా అదే దారి పట్టాయి.

మిగిలినవి కొన్నే. ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్, జీప్ రాంగ్లర్, దాని పికప్ రూపమైన గ్లాడియేటర్, ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500 లాంటి బరువు పికప్‌లు. మన దగ్గర 1985లో వచ్చిన మారుతి జిప్సీ కమాన్ కట్టల మీద, రెండు సాలిడ్ యాక్సిళ్లతో మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. సైన్యం వేల సంఖ్యలో వాడింది. 2023 జూన్‌లో భారత్‌లో విడుదలైన జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లే, కాకపోతే కాయిల్ స్ప్రింగులతో.

డార్జిలింగ్ జిల్లా మానేభంజాంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తులోని సందక్‌ఫూకు యాత్రికులను దశాబ్దాల పాటు మోసింది కూడా ఇలాంటి ఇరుసులే. అవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. ఇప్పుడు ఆ దారికి కాంక్రీటు పడుతోంది, బొలెరోలు వచ్చాయి. కంకర మీద అన్నేళ్లు ఆ పాత బండ్లు నిలబడటానికి బలం ఎంత కారణమో, రోడ్డు పక్కనే విప్పి బిగించుకోగల సరళత కూడా అంతే కారణం.

ముందు టైరు, తర్వాత యాక్సిల్

ఈ మార్పిడి ఎక్కువగా జరిగే అమెరికాలో గ్యారేజీకి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న యాక్సిల్ గురించి కాదు, 'ఎన్ని అంగుళాల టైరు వేస్తావు?' అని. టైరు పెద్దదయ్యే కొద్దీ గేర్ల మీద, షాఫ్టుల మీద పడే భారం పెరుగుతుంది. అక్కడ దొరికే యాక్సిళ్లలో డానా కంపెనీవి ప్రసిద్ధం. డానా 44 క్రౌన్ గేర్ వ్యాసం 8.5 అంగుళాలు, డానా 60ది 9.75 అంగుళాలు. 33 నుంచి 35 అంగుళాల టైర్లకు డానా 44 చాలు, 37 దాటి, పైగా రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ కూడా ఉంటే డానా 60 కావాలి అనేది అక్కడ వాడుకలో ఉన్న లెక్క.

అయితే ఎప్పటికైనా పనికొస్తుందని పెద్దదే వేద్దామా? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. డానా 60 ఉబ్బు పెద్దది కాబట్టి అది కిందికి ఎక్కువ దిగుతుంది. 33 అంగుళాల టైరు మీద దాన్ని పెడితే చిన్న యాక్సిల్ దాటిపోయే రాయి దీనికి తగులుతుంది. బలం కోసం కొన్న వస్తువు నాగలిలా నేలను దున్నుతుంది. పైగా బరువు, దానికి తోడు కుదుపులు.

రెండోది గేర్ నిష్పత్తి. కంపెనీ నుంచి 31 అంగుళాల టైరు, 3.73 నిష్పత్తితో వచ్చిన బండికి 37 అంగుళాల టైరు వేశారనుకుందాం. పాత లాగుడు తిరిగి రావాలంటే 3.73ను 37తో గుణించి 31తో భాగించాలి, దాదాపు 4.45 వస్తుంది. మార్కెట్లో దానికి దగ్గరగా దొరికేది 4.56. ఈ నిష్పత్తి ముందొకటి, వెనకొకటి ఉండటానికి వీల్లేదు. ఉంటే ఫోర్ బై ఫోర్ వేయగానే రెండు ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. అంటే ముందు యాక్సిల్ మారిస్తే చాలాసార్లు వెనక గేర్లూ మార్చాలి. బేరం మాట్లాడేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ చెప్పరు.

మూడోది ఉబ్బు ఏ వైపు ఉందనేది. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఏ వైపు నుంచి వస్తుందో, హౌసింగ్‌లో ఉబ్బు కూడా ఆ వైపే ఉండాలి. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో అది ఎడమ వైపు, 1973 నుంచి 1987 వరకు వచ్చిన షెవ్రొలే పికప్‌లలో కుడి వైపు. పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరికిందని తెచ్చాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఇంజిన్ ఆయిల్ సంపు, ఎగ్జాస్ట్ గొట్టం ఏ వైపు ఉన్నాయో కూడా చూడాలి. ఇరుసు పైకి లేచినప్పుడు అది వాటికే తగులుతుంది.

అసలు పరీక్ష స్టీరింగ్ దగ్గర

నన్నడిగితే యాక్సిల్ ఎంపికలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ చివరికి వదిలేసేది ఇదే. వి-క్రాస్ లాంటి పికప్‌లలో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది. అది ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. పైకీ కిందికీ కదిలే ఇరుసుకు దాన్ని నేరుగా కలపలేరు. పాత జీపుల్లో, లారీల్లో ఉన్నట్టు స్టీరింగ్ గేర్ బాక్స్, దాని నుంచి ఇరుసు చివరకు ఒక రాడ్ కావాలి. ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ ఇంకొకటి. కాయిల్ స్ప్రింగుల బండిలో ఈ రెండు రాడ్లూ ఒకే వాలులో, ఇంచుమించు ఒకే పొడవుతో ఉండాలి. లేకపోతే బండి గుంటలో దిగిన ప్రతిసారీ, మీరు స్టీరింగ్ కదపకపోయినా చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి. మారేడుమిల్లి ఘాట్‌లో, పక్కన లోయ ఉన్న మలుపులో అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

క్యాస్టర్ కోణం సంగతి ఇంకా సున్నితం. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వచ్చేది ఈ కోణం వల్లే. బండిని ఎత్తు చేసినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు వాలు సరిచేయడానికి హౌసింగ్‌ను కొంచెం పైకి తిప్పుతారు. చక్రాలను పట్టుకునే నకిల్స్ ఆ హౌసింగ్ చివరలకే ఉంటాయి కాబట్టి, ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. రెండూ సరిగ్గా రావాలంటే చివరలను కోసి, తిప్పి, మళ్లీ వెల్డింగ్ చేయాలి. అది వీధి చివరి వెల్డింగ్ షాపులో జరిగే పని కాదు. ఈ కొలతలు తప్పినా, బుష్‌లు అరిగినా, వేగంలో ఒక చిన్న గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ ఆగకుండా కొట్టుకోవడం మొదలవుతుంది. అమెరికన్లు దీన్ని 'డెత్ వోబుల్' అంటారు.

ఇవన్నీ సరిగ్గా కుదిరినా, బండి పక్కకు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ కంపెనీ అమర్చిన సస్పెన్షన్‌ను లెక్కలోకి తీసుకుని రాసిన ప్రోగ్రాం. ఇరుసు మార్చాక దాని అంచనాలు తప్పుతాయి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సీఎన్‌జీ కిట్ల వంటి వాటికి షరతులతో మినహాయింపు ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో దీన్ని కఠినంగానే చదివింది. ప్రోటోటైప్ పరీక్షలో ఆమోదం పొందిన మౌలిక నిర్మాణాన్ని యజమాని మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ముందు ఇరుసును తీసేసి వేరే రకం పెట్టడం కంటే మౌలికమైన మార్పు ఏముంటుంది? జరిమానా సంగతి అలా ఉంచితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి క్లెయిమ్ తిరస్కరించడానికి ఒక కారణం చేతికిచ్చినట్టవుతుంది. ప్రైవేటు స్థలంలో మాత్రమే నడిపే పోటీ బండి సంగతి వేరు.

అందుకే రోడ్డు మీద తిరిగే పికప్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇరుసును షోరూమ్‌లోనే ఎంచుకోవాలి, వర్క్‌షాపులో కాదు. సరుకు మోయాలి, హైవే మీద వెళ్లాలి, నెలకోసారి అడవి దారి పట్టాలి అంటే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న పికప్‌నే ఉంచుకోండి. హైలక్స్‌కు వెనక డిఫరెన్షియల్ లాక్ కంపెనీయే ఇస్తోంది. మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు వేసి, రాళ్లలోకి దిగేముందు గాలిని 20 పీఎస్ఐ దగ్గరికి తగ్గిస్తే, ఇరుసు మారిస్తే తప్ప వెళ్లలేమనుకున్న చోట్లలో చాలావాటికి వెళ్లొచ్చు. తిరిగి తారు రోడ్డెక్కగానే గాలి నింపడం మరవొద్దు. రాళ్లే లోకమైతే పికప్ డెక్‌ను వదులుకుని జిమ్నీ, స్తోమత ఉంటే రాంగ్లర్.

పాత జిప్సీ కొనాలనుకుంటే, డబ్బు ఇచ్చేముందు ముందు భాగాన్ని జాకీ మీద లేపమనండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తెలిస్తే కింగ్‌పిన్ బేరింగులు, లేదంటే చక్రం బేరింగులు అరిగినట్టు. నకిల్ దగ్గరున్న గుండ్రటి భాగం మీద వేలితో తుడిచి చూడండి. పల్చటి గ్రీజు పొర ఉండటం మామూలే. నల్లటి ఆయిల్ కారుతుంటే లోపలి సీలు పోయి గేర్ ఆయిల్ నకిల్‌లోకి వస్తోందని అర్థం. ఆ రిపేరు ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడండి.