హరికథ పాతబడినదా?

శ్రీరామనవమి సమీపించినపుడు గ్రామమునందలి పెద్దలు రామమందిరపు అరుగుపై కూడి, ఈ యేడు ఉత్సవమునకు ఏమి ఏర్పాటు చేయవలెనని ఆలోచించుట వాడుక. “హరికథ పెట్టింతము” అని యొకరనగా, “ఆ పాతకథ లింకెవరు విందురు? సినిమాపాటల కచేరీ పెట్టిన జనము వత్తురు” అని వేరొకరందురు. తుదకు ఎక్కువ చందా యిచ్చువారి మాట నెగ్గును. ఈ వివాదము చిన్నదిగా గనబడును గాని, ఏండ్ల తరబడి గజ్జెకట్టి సాధనచేసిన యొక విద్వాంసుని జీవనమును, అతని వెంట నొక విద్య యొక్క మనుగడయు, ఆ యరుగుమీదనే తేలిపోవుచున్నవి. కావున హరికథ నిజముగా పాతబడినదా, లేక మనము దానిని విను తీరును, మెచ్చు తీరును పాతబడినవా యని విచారించుట యవసరము.

మొదట నొక సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. నేడు పాతదని మన మనుకొను హరికథ, మన ప్రాంతముననే, ఒకనాడు సరిక్రొత్త విద్యగా వెలసినది. దానికి తెలుగున రూపము దిద్దిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో బొబ్బిలి సమీపమునందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. 1883లో విజయనగరమునకు వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథను వారు వినిరి. వినినదానిని అట్లే అనుకరింపక, ధ్రువచరిత్రమును తామే రచించి, తామే పాడి, తామే ఆడి చూపిరి. కవిత్వము, సంగీతము, నృత్యము, అభినయము, హాస్యము, వేదాంతము, ఇన్నియు నొక్క మనిషియందు కుదిరి సభను నడపుట నాటివారికి వింత. 1919లో విజయనగరమున సంగీత పాఠశాల వెలసినపుడు దానికి తొలి అధ్యక్షులు దాసుగారే. 1936లో ఆ పదవి ఫిడేలు విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారికి సంక్రమించినది. దాసుగారు కాళిదాసును షేక్స్పియరును సరిపోల్చి నవరసతరంగిణిని కూర్చిరి. ఉమర్ ఖయ్యాము పారసీక పద్యములను సంస్కృతములోనికిని, అచ్చతెలుగులోనికిని తెచ్చిరి. వారు 1945లో కీర్తిశేషులైరి. హరికథా పితామహులని మనము పూజించు ఆ మహానుభావులు జన్మమంతయు క్రొత్తదనమును వెదకినవారే.

మరి పాతదన మెక్కడినుండి వచ్చినది? పట్టుపంచె, పూలదండ, చేతిలో చిరుతలు, కాలి గజ్జెలు, ఇవి హరికథకు వేషము మాత్రమే. తరువాతివారిలో పెక్కుమంది వేషమును గ్రహించి, శ్రమను విడిచిరి. గురువు ఏ ఘట్టమున ఏ పిట్టకథ చెప్పెనో, శిష్యుడును అక్కడ అదే పిట్టకథ చెప్పును. హాస్యోక్తి రాకముందే శ్రోత నవ్వుటకు సిద్ధముగా నుండును. మరికొందరు ఈ విసుగును పోగొట్టుటకై జనము మెచ్చిన సినిమా వరుసలను తెచ్చి అతికిరి. అందుచే పాతదనము పోలేదు. హరికథయే కొంత పోయినది. ఇక రేడియో సంగతి. 1938లో చెన్నపట్టణమునను, 1948లో విజయవాడలోను, 1963లో విశాఖపట్టణమునను ఆకాశవాణి కేంద్రములు నెలకొన్నవి. అవి హరికథను ఇంటింటికిని చేర్చిన మాట నిజము. కాని రాత్రి ప్రొద్దుపోవువరకు సాగవలసిన కథ గంటకో అరగంటకో కుదించుకొనవలసివచ్చెను. అభినయము కంటికి దూరమయ్యెను.

“కథ తెలిసినదే కదా, ఇంకేమి వినవలెను?” అను ఆక్షేపణ యొకటి కలదు. రామకథ తెలియనివా డెన్నడును హరికథకు రాలేదు. ఏమి జరుగునో తెలిసికొనుటకు గాక, ఎట్లు చెప్పునో వినుటకే జనము వచ్చుచుండిరి. మన పొందూరు నూలును చూడుడు. వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాటముపై సన్ననూలు వడకు పద్ధతి తరతరములదే. అయినను నూలు మాత్రము ఏనాటి కానాడు క్రొత్తగా తీయవలసినదే. అవ్వ తీసిన నూలును చూపి మనుమరాలు బట్ట నేయింపలేదు. హరికథయు నట్టిదే. పద్ధతి పాతదైనను తప్పులేదు. నూలు నిన్నటిదైనచో తప్పు.

ఇక విమర్శ మాట. హరికథను గూర్చి మనము సాధారణముగా వినునవి రెండే వాక్యములు. మొదటిది, “దాసుగారు శ్రోతలను మంత్రముగ్ధులను జేసిరి” అనునది. రెండవది, “ఆనాటి దాసుల గొంతు, ఆ లయ నేడెక్కడ?” అనునది. ఈ రెండు వాక్యములును పలుకుటకు కథ వినవలసిన పనియే లేదు. ఇంటియందు నిద్రించినవాడైనను చెప్పగలడు. నిజమైన విమర్శకు చెవియొగ్గవలెను. గజ్జెల మ్రోత తాళమునకు లొంగియున్నదా? శోకఘట్టమున ఎన్నుకొన్న రాగము శోకమును తెచ్చినదా? పిట్టకథ అసలు కథను ముందునకు నడపినదా, పెడదారి పట్టించినదా? వచనము వెనుకవరుసలోని వానికి అర్థమైనదా? ఇట్టి ప్రశ్నలు వేయువారు లేనిచోట గాయకునికి శ్రమపడవలసిన యగత్యమును లేదు. విద్యకంటె ముందు విమర్శ పాతబడుచున్నదని నా నమ్మకము.

ఈ జాడ్యము మన కొక్కరికే కలిగినది కాదు. పాశ్చాత్యదేశములందు రాక్ అను జనరంజక సంగీతము కలదు. ఆ వాద్యములనే కైకొని, పెక్కుమార్లు గాత్రము లేకుండ నాదముతోనే రసము పుట్టించు నొక శాఖకు పోస్ట్ రాక్, అనగా రాక్ అనంతర సంగీతమను పేరును 1994లో ఒక ఆంగ్ల విమర్శకుడు ప్రచారములోనికి తెచ్చెను. కొంతకాలమునకు అందు పలువురు మెల్లగా మొదలిడి, క్రమముగా పెంచి, ఉరుమువలె ముగించు నొక్క మార్గమునకే అలవాటుపడిరి. విమర్శకులలో పలువురును “ఇది పాతబడినది” అను నొక్క మాటకే అలవాటుపడిరి. ఇద్దరి రోగమును ఒక్కటే.

రోగమునకు మందు లేకపోలేదు. నాజరుగారు పల్లెల పాత కథాగానమునే బుఱ్ఱకథగా దిద్ది, అల్లూరి సీతారామరాజు కథను చెప్పి జనమును కదలించిరి. పాత రూపమున క్రొత్త ప్రాణము నిలుచునని అది చాటుచున్నది. హరికథా విద్వాంసులైన కోట సచ్చిదానందశాస్త్రిగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. విద్య యింకను సజీవమే.

కావున పెద్దలకు నా మనవి యిది. ఈసారి భాగవతారుని పిలిచినపుడు, ఇంతకుముందు మీ యూర చెప్పని కథను సిద్ధపరచుకొని రమ్మని ముందుగా జాబు వ్రాయుడు. ధ్వనియంత్రపు హోరును తగ్గించి, పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు. మంగళము పాడినవెంటనే లేచిపోక, మరియొక పావుగంట నిలిచి, అతనితో నచ్చినది యొకటి, కొరవడినది యొకటి, కారణముతో చెప్పుడు. శాలువ కప్పుటకంటె అది యతనికి గొప్ప సన్మానము. అట్టి సభ మరుసటియేడును తన్ను ప్రశ్నించునని తెలిసిన గాయకుడు ఆ యేడాది యంతయు సాధన మానడు.