గుండె గీసే గీత

పిల్లలూ! మీ తాతగారి వెంట ఎప్పుడైనా ఆస్పత్రికి వెళ్ళారా? అక్కడ ఆయనను బల్లమీద పడుకోబెట్టి, చేతులకూ కాళ్ళకూ ఛాతీకీ తీగలు తగిలిస్తే, "అయ్యో, తాతగారికి కరెంటు పెడతారు కాబోలు!" అని మీకు భయం వెయ్యవచ్చు. ఒకప్పుడు ఇటువంటి అనుమానం పెద్దలకే వచ్చింది. ఆ కథ వినండి.

లండనులో ఆగస్టస్ వాలర్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కొద్దిపాటి విద్యుత్తు పుడుతుందనీ, మనిషి ఒంటి పైనుంచే దాన్ని పట్టవచ్చుననీ 1887లో ఆయన రుజువు చేశాడు. ఆయనకు జిమ్మీ అనే బుల్‌డాగ్ కుక్క ఉండేది. దాని కాళ్ళు ఉప్పునీళ్ళ పాత్రలలో పెట్టించి, ఆ నీళ్ళనుంచి యంత్రానికి తీగలు కలిపి, దాని గుండె విద్యుత్తును నలుగురికీ చూపేవాడు. 1909లో, ఇది మూగజీవిని హింసించటం కాదా అని బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. కుక్క ఉప్పునీళ్ళలో నిలబడింది, అంతకుమించి దానికి ఏ బాధా లేదనీ, సముద్రంలో కాళ్ళు తడుపుకున్నవారికి ఆ సంగతి తెలిసే ఉంటుందనీ మంత్రి జవాబిచ్చాడు!

మంత్రి అన్నది నిజం. ఈ పరీక్షలో యంత్రం మన ఒంట్లోకి విద్యుత్తు పంపదు. మన గుండెలో పుట్టేదాన్ని కొలిచి, కాగితం మీద గీతగా గీస్తుంది. దాన్నే ఇ.సి.జి. అంటారు.

గుండెకు విద్యుత్తు ఎక్కడిది? గుండెలో కుడివైపు పై గదిలో కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు అవి నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం పంపుతాయి. ముందు పై గదులు రెండూ ముడుచుకుంటాయి. తరవాత ఆ సంకేతం సెకనులో సుమారు పదోవంతు కాలం ఆగుతుంది. ఈలోగా కింది గదులు రక్తంతో బాగా నిండుతాయి. అప్పుడవి ముడుచుకుని రక్తాన్ని బయటికి తోస్తాయి. గీతలో చిన్న మిట్ట పై గదులది. నిటారుగా లేచే శిఖరం కింది గదులది. ఆ తరవాతి మిట్ట కింది గదులు తేరుకోవటం.

చర్మంమీద ఈ విద్యుత్తు సుమారు ఒక వోల్టులో వెయ్యోవంతు మాత్రమే! టార్చిలైటులో వేసే బ్యాటరీకే ఒకటిన్నర వోల్టులుంటుంది గదా. ఇంత స్వల్పమైనదాన్ని చక్కగా కొలిచే యంత్రం చేసినవాడు హాలెండు దేశపు లైడెన్ నగరంలోని విల్లెం ఐంథోవెన్. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపటానికి అయిదుగురు కావలసివచ్చేది. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళలో పెట్టి కూర్చోవాలి. ఈ కృషికి ఆయనకు 1924లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడు ఆ నీళ్ళ పాత్రలు లేవు. చర్మానికి పది చోట్ల బిళ్ళలు అంటిస్తే చాలు. అయితే కదలకుండా పడుకోవాలి. ఎందుకంటే ఒంట్లోని కండరాలన్నిటిలోనూ విద్యుత్తు పుడుతుంది. చలికి వణికినా, చెయ్యి ఆడించినా ఆ విద్యుత్తు గీతలో కలిసి చెరుపుతుంది.

ఆ గీతను చూసి లెక్క కట్టటం మీకూ వస్తుంది. సాధారణంగా కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. అనగా నిమిషానికి 300 పెద్ద గళ్ళు. రెండు శిఖరాల మధ్య నాలుగు పెద్ద గళ్ళుంటే, 300ను 4తో భాగించండి. గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటున్నదన్నమాట!

ఒక్క సంగతి మరవకండి. ఈ గీత కొన్ని సెకన్ల కథే. మెట్లెక్కేటప్పుడు గుండె పడే అవస్థ పడుకున్నప్పుడు కనిపించకపోవచ్చు. అంచేత గీత బాగున్నా, తాతగారికి ఛాతీలో నొప్పి వస్తే డాక్టరుకు చెప్పితీరాలి. అవసరమైతే డాక్టరు ఆయనను నడిపించి మళ్ళీ పరీక్ష చేస్తారు.

ఈసారి తాతగారు ఆ తీగలు చూసి జంకితే, జిమ్మీ కథ చెప్పండి.