వెబ్‌సైట్‌కి జనం వస్తున్నా ఆర్డర్లు రావట్లేదా? లోపం పచ్చడిలో కాదు.. రాసిన మాటల్లో ఉండొచ్చు!

రీల్‌కి వ్యూస్ బాగానే వస్తాయి. లింక్ నొక్కి జనం వెబ్‌సైట్ దాకా వస్తారు. కానీ ఆర్డర్ పెట్టకుండానే వెళ్లిపోతారు. ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు తరచూ ఎదురయ్యే సమస్య ఇది. సరుకు మంచిదే, ధరా అందుబాటులోనే ఉంది. మరి తేడా ఎక్కడ కొడుతోంది? ముందు చూసుకోవాల్సింది పేజీలో ఏం రాశారన్నదే.

పొగడ్త ఎక్కువ.. విషయం తక్కువ

'అమ్మ చేతి కమ్మదనం', 'నాణ్యతకు మారుపేరు', 'అసలు సిసలు ఆంధ్ర రుచి'.. పచ్చళ్ల సైట్లలో ఎక్కువగా కనిపించే మాటలివి. పక్క సైట్‌లోనూ అవే ఉంటే కస్టమర్ దేన్ని చూసి డబ్బులు కట్టాలి? షాపులో అయితే కాస్త చేతిలో వేయించుకుని రుచి చూడొచ్చు. ఫోన్‌లో ఆ వీలు లేదు. ఫొటో చెప్పలేనిదంతా రాతే చెప్పాలి.

వెబ్‌సైట్లను జనం ఎలా చదువుతారన్న దానిపై 1997లోనే అమెరికాలో జాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ పరిశోధన చేశారు. అందులో పాల్గొన్నవాళ్లలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి పదం చదివినవాళ్లు 16 శాతమే. ఒకే సమాచారాన్ని రకరకాలుగా రాసి కూడా పరీక్షించారు. సొంత డబ్బా తీసేసి, క్లుప్తంగా, సులువుగా కంటికి ఆనేలా రాసిన పేజీ.. ప్రచార ధోరణిలో రాసిన పేజీ కంటే 124 శాతం మెరుగ్గా పనిచేసింది. అప్పట్లో ఆ పేజీలు చూసింది కంప్యూటర్ తెరల మీద. ఇప్పుడు చూసేది అరచేతిలో పట్టే తెర మీద!

ఫోన్‌లో అడిగే ప్రశ్నలే అసలు కంటెంట్

ఏం రాయాలో తెలియకపోతే పాత వాట్సాప్ మెసేజ్‌లు తిరగేస్తే చాలు. వెల్లుల్లి వేశారా? ఏ నూనె? కారం బాగా ఘాటా? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? దారిలో నూనె కారదు కదా? బెంగళూరుకు ఎన్ని రోజులు పడుతుంది? మళ్లీ మళ్లీ వచ్చే ఈ ప్రశ్నలకు జవాబులే మంచి కంటెంట్.

ఉదాహరణకు 'మా ఆవకాయ రుచే వేరు, ఒక్కసారి తింటే వదలరు' అని రాస్తే కస్టమర్‌కి కొత్తగా తెలిసేదేం లేదు. అదే ఇలా రాస్తే..

'టెంకతో కొట్టిన పుల్లమామిడి ముక్కలు, గుంటూరు మిర్చి కారం, ఆవపిండి, నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ. వెల్లుల్లి వేయలేదు. కారం ఘాటుగానే ఉంటుంది. బరువు అరకిలో. తడి గరిటె పెట్టకూడదు.'

ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు. అయినా వెల్లుల్లి తినని ఇంటివాళ్లకు 'వేయలేదు' అన్న ఒక్క మాట చాలు. కారం తట్టుకోలేనివాళ్లు ముందే తప్పుకుంటారు. దాంతో 'మంట ఎక్కువైంది' అనే చెడు రివ్యూ కూడా తప్పుతుంది.

మొదటి స్క్రీన్‌లో ఏముండాలి?

సరుకు పేరు, ఫొటో, బరువు, ధర, డెలివరీ ఛార్జీ.. ఇవి వేలితో పైకి జరపకుండానే కనిపించాలి. 'మా ప్రస్థానం' లాంటి కథ కిందకు పోవాలి. 'ధర కోసం మెసేజ్ చేయండి' అని పెడితే చాలామంది మెసేజ్ చేయరు, ఇంకో సైట్‌కి వెళ్తారు.

వివరాలన్నీ పోస్టర్ ఫొటో మీదే రాసి పెట్టడం ఇంకో పొరపాటు. ఫొటోలోని అక్షరాలు పేజీలో టెక్స్ట్‌గా కూడా ఉంటేనే గూగుల్ సెర్చ్‌కి బాగా అందుతాయి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కీ అదే సులువు. అలాగని 'ఆవకాయ ఆన్‌లైన్' అని పేజీలో ఇరవై సార్లు ఇరికిస్తే లాభం లేదు. అలా చేయడాన్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది.

ఏది పడితే అది రాస్తే చిక్కే!

వెబ్‌సైట్ రాతకు చట్టం కూడా వర్తిస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సంస్థ పేరు, చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు, రిటర్న్, రీఫండ్ నిబంధనలు సైట్‌లో స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తిండి పదార్థాలు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్ ఉంటుంది. దాన్ని పేజీలో కనిపించేలా పెడితే కస్టమర్‌కీ ధైర్యం.

'ఈ పొడి తింటే షుగర్ తగ్గిపోతుంది' లాంటి మాటల జోలికి అస్సలు పోకూడదు. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందని అనుమతి లేకుండా చెప్పడాన్ని 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

స్టాక్ నిండా ఉన్నా 'ఇంకా 2 సీసాలే మిగిలాయి' అని తొందరపెట్టడం కూడా తప్పే. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో అదొకటి. చివర్లో డబ్బులు కట్టే ముందు దాచిన ఛార్జీలు బయటపెట్టడం కూడా అదే జాబితాలో ఉంది. కస్టమర్‌లా నటిస్తూ సొంత సరుకుకు సొంతంగా రివ్యూ రాసుకోవడాన్నీ ఈ-కామర్స్ రూల్స్ నిషేధించాయి.

పబ్లిష్ చేసే ముందు చిన్న పరీక్ష

ఈ వ్యాపారం గురించి ఏమీ తెలియని బంధువుకో, పక్కింటివాళ్లకో ఫోన్ ఇచ్చి పేజీ చూపించాలి. ఒక నిమిషం తర్వాత ఫోన్ వెనక్కి తీసుకుని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏం అమ్ముతున్నారు? చేతికి వచ్చేసరికి మొత్తం ఎంతవుతుంది? ఎన్ని రోజుల్లో వస్తుంది? సీసా పగిలి వస్తే ఎవరికి చెప్పాలి? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వస్తే పేజీ సిద్ధమైనట్టే. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో అక్కడ రాసింది మార్చాలి.