పక్కోడు లేని పందెం

జెడ్డా: మా సైట్లో టీ టైం అయిందంటే ఫుట్‌బాల్ గొడవే. పసుపు-నలుపు అల్ ఇత్తిహాద్‌ది, ఆకుపచ్చ అల్ అహ్లీది. ఒకటి 1927లో, ఇంకొకటి 1937లో పుట్టాయి. రెండూ ఈ ఊరి క్లబ్బులే. డిప్లొమా రోజుల్లో పక్క కాలేజీతో కబడ్డీలో కొట్లాడిన మాకు ఈ పంతాలు కొత్తేం కాదు.

2022 జూన్‌లో అహ్లీ చరిత్రలో తొలిసారి కింది డివిజన్‌కు పడిపోయింది. మా సర్వేయర్ ఇత్తిహాద్ వీరాభిమాని. ఆ రోజు మాకందరికీ స్వీట్లు పంచాడు. మరుసటి సీజన్లో లీగ్ కప్పు వాళ్లదే. అయినా మనిషిలో హుషారు లేదు. ‘‘ఏం సదీఖ్?’’ అనడిగాం. ‘‘గెలిచాం సరే... ఎవర్ని ఉడికించాలి?’’ అన్నాడు.

ఆ మాట మాకు తగిలింది. మా ఆఖరి ఏడాది జోన్లు మార్చారు. పక్క కాలేజీ వేరే జోన్‌కు పోయింది. కప్పు మాకే వచ్చింది గానీ ఊరేగింపులో ఊపే లేదు.

అహ్లీ కింది డివిజన్ గెలిచి 2023లో తిరిగొచ్చింది. అక్టోబర్ డెర్బీలో ఇత్తిహాద్‌పై 1-0తో నెగ్గింది. మర్నాడు సర్వేయర్ తిట్టుకుంటూనే వచ్చాడు... కళ్లలో మాత్రం వెలుగు! 2025లో ఇత్తిహాద్‌కు లీగ్, అహ్లీకి ఆసియా చాంపియన్స్ లీగ్ దక్కాయి.

మా పక్క కాలేజీ వాళ్లు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారో! దొరికితే ఇంకొక్క కూత పెట్టాలనుంది.